ఈ నాణెము నిజమైనదేనా?

గత సంవత్సరము కోతల కాలములో ఒక ఆదివారము ఆరాధన ముగిసి అందరూ ఇండ్లకు వెళ్లిపోయిన తరువాత, మా సంఘములోని ఒక సహోదరుడు మందిరపు మెట్ల దగ్గర నిలబడిపోయాడు. రెండెకరముల కౌలు రైతు. మిరప రెండేండ్లు వరుసగా దెబ్బతిన్నది. పెద్దమ్మాయి ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరములో ఉన్నది. అతడు చేతిరుమాలు ముడి విప్పి, దానిలోనుండి ఒక పెద్ద రాగి బిళ్లను తీసి మా చేతిలో పెట్టాడు.

"అయ్యగారూ, దీనికోసము ప్రార్థన చేయండి. రేపు డబ్బు కట్టేస్తే మా కష్టాలన్నీ తీరిపోతాయి" అన్నాడు.

విషయమేమిటని అడిగాము. ఫోనులో ఒక ప్రకటన చూసి, పాత ఈస్టిండియా కంపెనీ నాణెమని నమ్మి 4,500 రూపాయలు పంపి దానిని తెప్పించుకొన్నాడు. నాలుగు రోజులకు ఇంకొక మనిషి ఫోను చేసి, ఆ నాణెమును పన్నెండు లక్షలకు కొంటామన్నాడట. అయితే ముందుగా "పన్ను" క్రింద 18,000 రూపాయలు పంపవలెనట. సోమవారము ఉదయము భార్య చెవి కమ్మలు తాకట్టు పెట్టుటకు అంతా సిద్ధమైనది. అమ్మాయి ఫీజుకని దాచిన సొమ్ములోనుండే మొదటి 4,500 వెళ్లిపోయినది. ఆ సంగతి ఇంటిలో ఇంకను చెప్పలేదు.

ప్రియ పాఠకులారా, అటువంటి వేళ కాపరి చేయవలసిన పని ఏమిటి? వెంటనే కన్నులు మూసి ప్రార్థన చేసి పంపివేయుట సులువే. కాని సమస్తమును పరీక్షించి, మేలైనదానిని చేపట్టుమని అపొస్తలుడైన పౌలు థెస్సలొనీక సంఘమునకు వ్రాశాడు (1 థెస్స. 5:21). అందుచేత, "తమ్ముడూ, ప్రార్థన తప్పక చేద్దాము. దానికి ముందు దీనిని పరీక్ష చేద్దాము. నిజమైతే పరీక్షకు భయపడదు గదా" అన్నాము.

ఆ ఆదివారము మధ్యాహ్నము మొదలుకొని మంగళవారము వరకు మేము నేర్చుకొన్న సంగతులను ఇక్కడ వ్రాయుచున్నాము. మన పల్లెలలో అనేక కుటుంబములకు ఇవి అవసరము.

మొదట చదవండి

నాణెము చేతికి రాగానే మనము బరువు చూస్తాము, రంగు చూస్తాము. అన్నిటికంటె ముందు చేయవలసినది దాని మీద ఏమి వ్రాసి ఉన్నదో చదువుట. కైసరుకు పన్ను చెల్లించుటనుగూర్చి అడిగినవారితో మన ప్రభువు మొదట నాణెము తెప్పించి, దాని మీది రూపమును వ్రాతను చూడుమన్నాడు (మత్తయి 22). ఆ క్రమమే మనకును మంచిది.

సహోదరుని నాణెము మీద ఒక వైపు ఇంగ్లీషులో ఈస్టిండియా కంపెనీ అనియు, "వన్ అణా" అనియు, 1818 అనియు, "యు.కె.ఎల్." అను మూడు అక్షరములును ఉన్నవి. రెండవ వైపు మన ఇరుగుపొరుగువారు పూజించు దేవతల బొమ్మలు. ఇతరుల భక్తిని గూర్చి మేము ఇక్కడ మాట్లాడుట లేదు. మన ప్రశ్న ఒక్కటే: ఇటువంటి నాణెమును కంపెనీ వేసినదా?

చరిత్ర చూడండి. 1835కు ముందు బెంగాలు, బొంబాయి, మద్రాసు ప్రెసిడెన్సీలు వేటికవి తమ తమ నాణెములు వేసికొనేవి. 1835లో చట్టము చేసి కంపెనీ తన ఏలుబడి అంతటికీ ఒకే రకము నాణెములు తెచ్చినది. ఆ వరుసలోని రాగి నాణెములు అర్ధణా, పావు అణా, అణాలో పన్నెండవ వంతు. తరువాత 1853లో అర పైసా చేరినది. రాగి అణా అనునది ఆ వరుసలో లేనే లేదు. రెండణాల నాణెము 1841లో వచ్చినది గాని అది వెండి. వాడుకలోనికి అణా నాణెము 1907లో వచ్చినది. అదియు వట్టి రాగి కాదు, రాగి నికెలు కలిపిన తెల్లని లోహము. 1858లో కంపెనీ పాలన ముగిసినది. 1862 నుండి విక్టోరియా రాణి బొమ్మగల రాగి నాణెములు వచ్చినవి.

కాబట్టి 1818 అని వ్రాసిన "వన్ అణా" రాగి బిళ్లకు చరిత్రలో చోటే లేదు. యు.కె.ఎల్. అను అక్షరములు కంపెనీ నాణెము దేనిమీదను లేవు. ఇటువంటి బిళ్లలను తరువాతి కాలములో ఎవరో భక్తులకును, యాత్రికులకును అమ్ముటకు చేశారు. 1616 అనియు, 1717 అనియు, 1839 అనియు రకరకముల సంవత్సరములతో ఇవి తిరుగుచున్నవి. జ్ఞాపకార్థముగా ఉంచుకొంటే దోషము లేదు. పురాతన నాణెమని అమ్మితే మోసము.

మామ్మగారి పోపుల పెట్టెలోని కానీ

ఇంత చెప్పినను సహోదరుని మొగములో నమ్మకము కనబడలేదు. "పుస్తకములో లేనంత మాత్రాన అబద్ధమవుతుందా, అయ్యగారూ? అరుదైనది గనుకనే లక్షలు ఇస్తామంటున్నారు" అన్నాడు. ఆశ పడిన మనసు అలాగే తర్కించును. మేము అతనిని తప్పు పట్టలేదు. ప్రక్క ప్రక్కన పెట్టి పోల్చుటకు ఒక నిజమైన నాణెము ఉంటే బాగుండునని అనుకొన్నాము.

మా సంఘములో ఎనభై దాటిన ఒక మామ్మగారున్నారు. సంగతి తెలిసి, తన పోపుల పెట్టె అడుగునుండి ఒక చిన్న రాగి నాణెము తెచ్చి ఇచ్చారు. "మా అత్తగారిది అయ్యగారూ. పిడికెడు బియ్యము తీసే కుండలో ఉండేది. ఎంత లేమి వచ్చినా దేవుని కుండ వట్టిది కాకూడదని ఆవిడ దాన్ని అందులో వేసి ఉంచేది" అన్నారు. మన సంఘములలో స్త్రీలు వంటకు బియ్యము కొలిచేటప్పుడు దేవునికని పిడికెడు తీసి ఉంచుట మీకందరికీ తెలిసినదే.

అది 1835 నాటి పావు అణా. పెద్దలు కానీ అని పిలిచినది అదే. రూపాయికి అరువది నాలుగు. ఒక వైపు కంపెనీ చిహ్నము: సిలువ గుర్తుగల డాలును రెండు సింహములు ఇరువైపుల పట్టుకొని ఉన్నవి. దానితోకూడ ఇంగ్లండు రాజు, పార్లమెంటుల ఆశ్రయములో అను భావముగల లాటిను మాటలు, అడుగున సంవత్సరము. రెండవ వైపు ఆకుల దండ నడుమ "వన్ క్వార్టర్ అణా" అనియు, చుట్టును ఈస్టిండియా కంపెనీ అనియు ఇంగ్లీషు అక్షరములు. అంచు నునుపుగా ఉన్నది. సింహముల ముఖములు అరిగిపోయినవి గాని అక్షరములు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసినవో ఇంకను స్పష్టముగా తెలియుచున్నది.

తూకము, నీరు, అయస్కాంతము

సోమవారము ఉదయము తాకట్టు కొట్టుకు వెళ్లవలసిన సహోదరుడు మాతోకూడ పట్టణములోని ఒక బంగారపు పనివాని యొద్దకు వచ్చాడు. గ్రాములో నూరవ వంతు వరకు చూపించు తూనిక అతని దగ్గర ఉన్నది.

నాణెములకు చట్టములో నిర్ణయించిన తూకము ఉండును. 1835 నాటి అర్ధణా 200 గ్రెయినులు, అనగా 12.96 గ్రాములు. పావు అణా 100 గ్రెయినులు, అనగా 6.48 గ్రాములు. అణాలో పన్నెండవ వంతు సుమారు 2.16 గ్రాములు. చేతులు మారి మారి అరిగిన నాణెము కొంత తగ్గును, కాని పెరుగదు. మామ్మగారి కానీ 6.21 గ్రాములు తూగినది. దాదాపు రెండు శతాబ్దముల నాణెము అంత మాత్రము అరుగుట సహజమే. సహోదరుని బిళ్ల 19.40 గ్రాములు తూగినది. కంపెనీ వేసిన అర్ధణా కంటె సగము బరువు ఎక్కువ!

తరువాత నీటి పరీక్ష చేశాము. ఇది ఎవరైనను చేయవచ్చును. తూనిక మీద ఒక చిన్న గ్లాసుతో నీళ్లు పెట్టి, అంకెను సున్నాకు తేవలెను. నాణెమునకు సన్నని దారము కట్టి, నీటిలో పూర్తిగా మునుగునట్లును, అడుగును గాని ప్రక్కలను గాని తాకకుండునట్లును వ్రేలాడదీయవలెను. నీటి బుడగలు అంటుకొని ఉండరాదు. అప్పుడు తూనిక చూపించు అంకెతో నాణెపు అసలు బరువును భాగించవలెను. వచ్చిన ఫలితము దాని సాంద్రత. శుద్ధమైన రాగికి అది 8.96. ఇత్తడికి 8.4 మొదలు 8.7 వరకు. ఇనుమునకు 7.87. తుత్తునాగమునకు 7.1.

మామ్మగారి నాణెమునకు నీటిలో 0.70 వచ్చినది. 6.21ని 0.70తో భాగిస్తే 8.87. చిన్న నాణెములో ఆ మాత్రము తేడా తూనికది, అది రాగియే. సహోదరుని బిళ్లకు 2.30 వచ్చినది. 19.40ని 2.30తో భాగిస్తే 8.43. అనగా ఇత్తడి. పైన రాగి రంగు పూత మాత్రమే! బంగారపు పనివాడు అంచున ఆకురాయితో ఒక్కసారి గీయగానే లోపల పసుపు రంగు కనబడినది.

అయస్కాంతముతో కూడ చూశాము. రెండును అంటుకొనలేదు. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పవలెను. అయస్కాంతమునకు అంటుకొన్నది రాగి కాదని ఖాయముగా చెప్పవచ్చును. ఇనుము మీద పూత వేసినది. కాని అంటుకొనలేదు గనుక అది నిజమైనదని చెప్పరాదు. ఇత్తడియు అంటుకొనదు, తుత్తునాగమును అంటుకొనదు. అలాగే నీటి పరీక్షలో రాగి అని తేలినను పని ముగియలేదు. ఈ కాలపు మోసగాడు నిజమైన రాగితోనే నకిలీ చేయగలడు. ఒక పరీక్ష నెగ్గినంత మాత్రాన సరిపోదు. చదువుట, తూచుట, కొలుచుట, కంటితో చూచుట - ఇవన్నియు ఒకే మాట చెప్పవలెను. ఇద్దరు ముగ్గురు సాక్షుల నోట ప్రతి మాట స్థిరపరచబడవలెనని ధర్మశాస్త్రము చెప్పిన నియమము నాణెమునకును సరిపోవుచున్నది.

కంటితో చూడవలసినవి

బంగారపు పనివాడు తన భూతద్దమును సహోదరుని చేతికే ఇచ్చి చూడమన్నాడు. ఏమి చూడవలెనో ఇక్కడ వరుసగా వ్రాయుచున్నాము.

1. ముద్ర వేసినదా, పోత పోసినదా? టంకశాలలో రాగి రేకునుండి బిళ్లలు కత్తిరించి, ఉక్కు అచ్చుల నడుమ పెట్టి గట్టిగా మోదుతారు. అందుచేత అక్షరముల అంచులు నిటారుగా, పదునుగా లేచి ఉండును. నకిలీలలో చాలావరకు కరిగించిన లోహమును మూసలో పోసినవి. వాటి అక్షరములు సబ్బు బిళ్ల మీది అక్షరములవలె మెత్తగా ఉండును. నేలభాగములో గాలి బుడగల వలన సూదిమొన అంత గుంటలు కనబడును.

2. అంచు. నాణెమును నిలువుగా పట్టుకొని చుట్టును త్రిప్పి చూడవలెను. మూస రెండు సగములు కలిసిన చోట సన్నని గీత గాని, దానిని ఆకురాయితో అరగదీసిన గుర్తులు గాని ఉంటే అది పోత.

3. రంగు. పాత రాగి నిదానముగా గోధుమ రంగునకును, చాక్లెట్ రంగునకును మారును. తడి నేలలో ఉన్నదానికి పచ్చని చిలుము పట్టును. అది లోహమును కరచుకొని ఉండును. మందులు పూసి తెప్పించిన చిలుము తరచుగా గుంటలలో మాత్రమే ఉండి, తడిగుడ్డతో తుడిస్తే రంగు దిగును.

4. సంవత్సరపు అంకె. కొన్నిసార్లు నాణెము నిజమైనదే గాని అరుదైన సంవత్సరముగా కనబడుటకు చివరి అంకెను చెక్కి మార్చుదురు. ఆ ఒక్క అంకె చుట్టు గీతలున్నవేమో, మిగిలిన అంకెలతో సమానముగా లేచి ఉన్నదేమో చూడవలెను.

కొత్తగా మెరయుచున్నదంతా నకిలీ అని కూడ అనుకొనరాదు. 1809 జనవరిలో అడ్మిరల్ గార్డ్‌నర్ అను కంపెనీ ఓడ మద్రాసుకు రాగి కాసులను మోసికొని వచ్చుచు, ఇంగ్లండు తీరములోని గుడ్విన్ ఇసుక తిప్పల దగ్గర తుఫానులో మునిగినది. 1980 దశకములో ఆ కాసులను పైకి తీశారు. పీపాలలో గట్టిగా కట్టి ఉంచినందున వాటిలో కొన్ని నిన్న చేసినవాటివలె ఉన్నవి. సముద్రపు నీరు తగిలినవి తినివేయబడి ఉన్నవి. ఒకే ఓడ, ఒకే టంకశాల, ఒకే సంవత్సరము. పై మెరుపు ఒక్కదానినిబట్టి తీర్పు తీర్చరాదు.

మరియొక మాట తల్లులకు. ఇంటిలో పాత రాగి నాణెము దొరికితే చెంబును తోమినట్లు చింతపండుతోను ఇటుక పొడితోను తోమకండి. పై పొర పోయిన నాణెమునకు సేకరించువారు విలువ ఇవ్వరు. దుమ్ము ఉంటే మంచినీటితో కడిగి, మెత్తని గుడ్డతో అద్ది, కాగితములో చుట్టి ఉంచితే చాలును.

మన తెలుగు నేల నాణెములు

మన ప్రాంతమునకు ప్రత్యేకముగా చేసిన కంపెనీ రాగి నాణెములు ఉన్నవని చాలమందికి తెలియదు. గంజాము, విశాఖపట్నము మొదలు గుంటూరు వరకు గల తీరప్రాంతమును అప్పుడు ఉత్తర సర్కారులు అనేవారు. ఆ ప్రాంతమునకని 1794లోను, 1797లోను ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ దగ్గరనున్న సోహో టంకశాలలో మాథ్యూ బోల్టన్ అను ఆయన ఆవిరి యంత్రములతో నాణెములు ముద్రించి పంపాడు. వాటి మీద రూపాయికి 48 అనియు, చిన్నవాటి మీద రూపాయికి 96 అనియు ఇంగ్లీషులో ఉండును. మనము ఈ దినమున ధనమునకు వాడు డబ్బు అను మాట కూడ మొదట ఒక రాగి నాణెపు పేరే.

పొలము దున్నేటప్పుడు, పాత గోడ పడగొట్టేటప్పుడు ఇటువంటివి బయటపడుచుండును. అట్టివారు 1878 నాటి నిధి నిక్షేపముల చట్టమును గుర్తుంచుకొనవలెను. భూమిలో దాగిన నిధి దొరికి, దాని విలువ పది రూపాయలకు మించితే, కలెక్టరు గారికి వ్రాతమూలముగా తెలియజేయవలెను. దాచుట నేరము. నూరు సంవత్సరములు దాటిన నాణెములు 1972 నాటి పురావస్తువుల చట్టము క్రిందికి వచ్చును; వాటిని మన ఇష్టప్రకారము విదేశములకు పంపరాదు. నిజమైన నాణెములను కన్నులారా చూడగోరువారు హైదరాబాదు వెళ్లినప్పుడు సైఫాబాదు టంకశాలను చూడవచ్చును. 1903లో కట్టిన ఆ భవనమును 2022లో ప్రదర్శనశాలగా తెరచినారు. పిల్లలను తీసికొని వెళ్లుటకు మంచి స్థలము.

మేమును మోసపోయితిమి

పరులకు చెప్పేముందు మా సంగతి కూడ చెప్పుట న్యాయము. కొన్ని సంవత్సరముల క్రిందట మేము కూడ ఫోనులో చూసి, బీద విధవరాలి కాసు అని పేరు పెట్టిన ఒక చిన్న నాణెమును తెప్పించుకొన్నాము. మార్కు సువార్త 12వ అధ్యాయములో ఆమె కానుక పెట్టెలో వేసిన రెండు కాసుల వంటిదని ప్రకటన. ఆదివారపు బడి పిల్లలకు దానిని చూపించి పాఠము చెప్పాము. పిల్లలు ఒక్కొక్కరుగా అరచేతిలో పెట్టుకొని చూశారు.

ఆ పేరుతో సామాన్యముగా చూపించునవి యూదా రాజైన అలెగ్జాండర్ యన్నాయి కాలపువి, అనగా క్రీస్తుపూర్వము 103 - 76 నడుమ వేసిన కంచు నాణెములు. ఒక వైపు ఓడ లంగరు, రెండవ వైపు కిరణములుగల నక్షత్రము. చాల చిన్నవి, కొన్ని ఒక గ్రాము కూడ తూగవు. తొందరగా, మోటుగా ముద్రించినందున బొమ్మ సగము బయటికి జారిపోయి ఉండును, అంచు వంకరగా ఉండును. మేము కొన్నది చక్కగా గుండ్రముగా, లంగరు సరిగ్గా నడుమ ఉండి, ఎంతో అందముగా ఉన్నది. ఆ అందమునే చూసి మురిసిపోయాము. రెండేండ్ల తరువాత వెలుతురులో అంచు త్రిప్పి చూస్తే పోత గీత కనబడినది.

పిల్లలకు చెప్పకుండ ఊరకుండవచ్చును. కాని మరుసటి ఆదివారము వారిని పిలిచి, "మేము మీకు చూపించినది నకిలీ. తెలియక చూపించాము. ఆ విధవరాలి సంగతి మాత్రము సత్యము" అని చెప్పాము. సిగ్గుగానే ఉన్నది. అయితే ఒక చిన్నవాడు, "అయితే ఆమె కాసులు వంకరగానే ఉండేవన్నమాట, అయ్యగారూ" అన్నాడు. మేము చెప్పిన పాఠము కంటె ఆ మాట మంచి పాఠమైనది.

ఫోనులో వచ్చు వలలు

పాత నాణెముల పేరట మన ఊళ్లలో జరుగు మోసములు ముఖ్యముగా మూడు విధములు.

మొదటిది నకిలీని అమ్ముట. రెండవది "మీ దగ్గరున్నదానిని లక్షలకు కొంటాము" అని చెప్పి పన్ను, కమీషను, రిజిస్ట్రేషను అని ముందుగా సొమ్ము లాగుట. సహోదరునికి రెండును జరిగినవి. ఈ రెండవ మోసమును గూర్చి 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ప్రజలను హెచ్చరించినది. తన పేరును, గుర్తును వాడి కొందరు మోసము చేయుచున్నారనియు, తాను ఇటువంటి వ్యవహారములు చేయదనియు, తన తరఫున రుసుములు వసూలు చేయుటకు ఎవరికిని అధికారమివ్వలేదనియు స్పష్టముగా చెప్పినది. కొనేవాడు మనకు డబ్బు ఇవ్వవలెను గాని మనయొద్ద ముందుగా ఎందుకు అడుగును? ఈ ఒక్క ప్రశ్న వేసికొంటే అనేక ఇండ్లు నిలుచును.

మూడవది అన్నిటికంటె ఘోరమైనది. "రైస్ పుల్లింగ్" అని పేరు. పాత రాగి నాణెమో చెంబో బియ్యపు గింజలను లాగుకొనుననియు, దానిలో ఇరిడియము అను శక్తిగల లోహమున్నదనియు, కోట్లకు అమ్ముడుపోవుననియు చెప్పి లక్షలు దోచుకొందురు. ఆంధ్రప్రదేశ్‌లోను తెలంగాణలోను ఇట్టి ముఠాలను పోలీసులు పలుమార్లు పట్టుకొన్నారు. ఇరిడియము అను లోహము ఉన్నమాట నిజమే గాని అది బియ్యమును లాగదు. రాగియు లాగదు. గింజలలో ఇనుప పొడి గాని సన్నని తీగ ముక్కలు గాని చేర్చి, పాత్రలో అయస్కాంతము దాచి చూపించు గారడి అది. మీరు మీ ఇంటి డబ్బాలోని బియ్యముతో చేసి చూపించమనండి. ఆ మనిషి మరల కనబడడు.

ఆన్‌లైనులో నిజముగా సరదాకొరకు కొనదలచినవారు వస్తువు రెండు వైపుల ఫోటోతోపాటు అంచు ఫోటో, బరువు, కొలత అడగవలెను. తిరిగి తీసికొందుమను మాట వ్రాతలో ఉండవలెను. 1835 పావు అణా వంటివి కోట్ల కొలది వాడుకలో తిరిగినవే. మామూలు స్థితిలో ఉన్నదానికి సాధారణముగా కొన్ని పదులో వందలో రూపాయలు వచ్చునుగాని లక్షలు రావు. పాతది గనుక విలువైనదని లేదు. మోసము జరిగితే ఆలస్యము చేయక 1930 నంబరుకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా తెలియజేస్తే సొమ్మును ఆపుటకు అంత అవకాశము. కొనుగోలు తగాదాలకు జాతీయ వినియోగదారుల నంబరు 1915.

అసలైన పరీక్ష

సోమవారము సాయంకాలమునకు సహోదరునికి సత్యము తేటపడినది. 18,000 పంపలేదు. కమ్మలు భార్య చెవులకే ఉన్నవి. 1930కు ఫోను చేశాము గాని మొదట పంపిన 4,500 తిరిగి రాలేదు. అమ్మినవాని ఫోను ఆగిపోయినది.

కాని అతని అసలు పరీక్ష అప్పుడే మొదలైనది. తిరుగు ప్రయాణములో బస్టాండు దగ్గర తెలిసినవాడొకడు ఆ బిళ్లను చూసి, "జాతరలో పెడితే ఎవడో ఒకడు మూడు వేలకు కళ్లకద్దుకొని కొంటాడు. నీ నష్టము చాలావరకు పూడుతుంది" అన్నాడు. సహోదరుడు ఆ రాత్రి నిద్రపోలేదట. అమ్మాయి ఫీజు గడువు శనివారము. మోసపోయినవాడు తానే గదా, తాను చేసినది కాదు గదా, అడిగినవానికి ఇచ్చుటలో తప్పేమున్నదని మనసు చెప్పినదట.

మంగళవారము తెల్లవారుజామున వచ్చి ఆ మాట మాతో చెప్పాడు. మేము సామెతల గ్రంథము 20వ అధ్యాయము 10వ వచనము తీసి చదివాము. వేరువేరు తూనికలు, వేరువేరు కొలతలు యెహోవాకు అసహ్యమని అక్కడ ఉన్నది. నిన్న మనము తూనిక మీద నాణెమును పెట్టాము, నేడు దేవుడు మనలను పెట్టాడు అని మాత్రము అన్నాము. మరేమియు బలవంతము చేయలేదు.

అతడు కాసేపు మౌనముగా కూర్చున్నాడు. తరువాత మా ఇంటిలోని ఆకురాయి అడిగి తీసికొన్నాడు. ఆ బిళ్లను మెట్టు మీద పెట్టి, సంవత్సరము వ్రాసి ఉన్న వైపున పసుపు రంగు బయటపడేవరకు అడ్డముగా గీశాడు. ఇక దానిని ఎవరును పురాతన నాణెమని అమ్మలేరు. ఆ సాయంకాలము ఇంటిలో భార్యకును కుమార్తెకును సమస్తము చెప్పాడు. ఆమె ఏడ్చినది, కోపపడినది, చివరకు అన్నము వడ్డించినది. ఫీజుకు తక్కువైనదానిని సంఘములో ఇద్దరు పెద్దలు చేబదులుగా సర్దారు. అతడు ధాన్యము అమ్మిన వెంటనే తీర్చివేశాడు.

మామ్మగారికి నాణెము తిరిగి ఇచ్చుటకు వెళ్లినప్పుడు, "మీది నిజమైనదే మామ్మగారూ. కాని అమ్మితే పెద్ద ధర రాదు" అన్నాము. ఆమె నవ్వి, "అమ్మడానికి ఎవరిచ్చారు అయ్యగారూ, అది కుండలో ఉండాల్సింది" అని దానిని లోపలికి తీసికొనిపోయారు.

ప్రభువునందు ప్రియులారా, విలువలేని నకిలీకి లక్షల ధర కట్టిరి. నిజమైన కానీకి బజారులో ధర స్వల్పము. విధవరాలి రెండు కాసులకు యెరూషలేము బజారులో ఏమి వచ్చేదో గాని, వాటిని చూసినవాడు మన రక్షకుడు. మనము కూడ దేవుని స్వరూపమునందు సృజింపబడినవారము. ఆ ముద్ర మన మీద కష్టకాలములో ఎంత అరిగినను ఇంకను చదువదగినట్లు ఉన్నదా? తూకము సరిగా ఉన్నదా? పైన ఒకటి, గీస్తే లోపల మరియొకటి లేదు గదా?

ఈ వారము కుటుంబ ప్రార్థనలో సామెతలు 20:10, మార్కు 12:41-44 చదువుకొని, ఇంటిలో ఎవరి ఫోనుకైనను ఇటువంటి పిలుపులు వచ్చినవేమో ఒకరినొకరు అడిగి తెలిసికొనండి. దాచినవారుంటే కోపపడక వినండి. చెప్పుటకు భయపడినందుననే సగము నష్టము జరుగును.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మా కుటుంబములను మోసము చేయువారి చేతిలోనుండి తప్పించుము. మేము మోసపోయినప్పుడు ఇతరులను మోసగించకుండ మా చేతులను కాపాడుము. నీవు తూచినప్పుడు మేము తక్కువగా కనబడకుండునట్లు నీ కృపతో మమ్మును నింపుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.